వర్సిటీ పక్కన సగం ఇల్లు

మా అమ్మ విశాఖపట్నంలో అన్నయ్య దగ్గర ఉంటుంది. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకోసారి శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రెండు రోజులు అమ్మ దగ్గర ఉండి, ఆదివారం రాత్రి తిరుగు బండి ఎక్కుతుంటాను. వదిన ఒక్క మాట అనలేదు, అనే మనిషీ కాదు. కానీ నేను వెళ్ళినప్పుడల్లా వాళ్ళబ్బాయి తన గది నాకిచ్చి హాల్లో పడుకునేవాడు. ఇంటర్ చదివే కుర్రాడు పుస్తకాలన్నీ సంచీలో వేసుకుని హాల్లోకి మారుతుంటే చూడలేకపోయేదాన్ని.

2024 ఆగస్టులో మా ఆయనతో అన్నాను, ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర చిన్న ఫ్లాట్ కొందామని. ఒక గది మనం ఉంచుకుని తాళం వేసుకుందాం, మిగతాది చదువుకునే ఆడపిల్లలకు అద్దెకిద్దాం. నేను పీజీ చేసింది అక్కడే కాబట్టి ఆ చుట్టుపక్కల వీధులు నాకు తెలుసు. అద్దెతో ఈఎంఐ చాలావరకు గడిచిపోతుందని లెక్క కూడా చెప్పాను. ఆయన కాగితం చూసి పక్కన పెట్టేశారు. "లెక్కలు నాకు చెప్పకు. నీకక్కడ ఇల్లు కావాలి, అంతేగా?" అన్నారు. అంతే. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

ఇసుకతోట, శివాజీపాలెం, పెదవాల్తేరు, మద్దిలపాలెం. మూడు నెలల్లో పదకొండు ఫ్లాట్లు చూశాను. ఎంవీపీ కాలనీ వైపు ధర వినగానే వెనక్కి తిరిగాను.

మొదట నచ్చింది పెదవాల్తేరులో అయిదో అంతస్తు. బాల్కనీలో నిలబడితే రెండు మేడల సందులోంచి సముద్రం ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీతకే పడిపోయాను. అక్కడికక్కడే టోకెన్ అడ్వాన్స్ 50 వేలు ఇచ్చేశాను. కాగితాలు చూసిన బ్యాంకు వకీలు రెండో రోజే తేల్చేశారు, మంజూరైన ప్లానులో ఉన్నవి నాలుగు అంతస్తులేనని. అయిదోదాన్ని బీపీఎస్ కింద, అంటే ప్లాను దాటి కట్టినదానికి జరిమానా కట్టించుకునే పథకంలో, క్రమబద్ధీకరించిన కాగితం ఉందా అని అడిగితే "అప్లై చేశామండీ" అన్నారు. అప్లై చేసిన రసీదు చూపించి బ్యాంకులో లోను అడగలేం. టోకెన్ వెనక్కి రావడానికి రెండు నెలలు పట్టింది, వచ్చింది 40 వేలు. వకీలు ఫీజు 6 వేలు ఎలాగూ రాదు. ఆ తర్వాత ఏ బాల్కనీలోకీ వెళ్ళకుండా ముందు ప్లాను కాపీ అడగడం అలవాటు చేసుకున్నాను. ఇంకొక ఫ్లాట్ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే అందరూ 22ఏ అనేదాంట్లో తేలింది. అది రిజిస్ట్రేషనే కాదు. ముందుగా చూసుకున్నాం కాబట్టి ఆటో ఖర్చుతో పోయింది.

చివరికి అక్టోబరు 20న మద్దిలపాలెంలో కుదిరింది. 2003లో కట్టిన భవనం, మూడో అంతస్తు, రెండు పడగ్గదులు, 960 చదరపు అడుగులు, కింద స్థలంలో 34 గజాల అవిభాజ్య వాటా. వర్సిటీ గేటు దాకా నడిచి చూశాను, పన్నెండు నిమిషాలు. సముద్రం కనిపించదు. ధర 48 లక్షలు.

అమ్మేవాళ్ళు ఇద్దరు అన్నదమ్ములు. తల్లి పోయాక ఇద్దరికీ చెరి సగం వచ్చింది. తమ్ముడు విశాఖలోనే ఉంటారు. "పెద్దాయన బెంగళూరులో ఉంటారండీ, సంతకానికి వచ్చేస్తారు" అన్నాడు బ్రోకరు. హుద్‌హుద్ తుఫానుకి కూడా ఈ ఇంటి గోడకి బీట పడలేదని కూడా ఆయనే చెప్పాడు. గోడ సంగతి నిజమేనట. 2014 అక్టోబరులో కిటికీ రెక్కలు ఎగిరి ఎదుటివాళ్ళ పార్కింగ్‌లో పడ్డాయని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

తమ్ముడుగారు డాక్యుమెంట్‌లో 38 లక్షలు చూపిద్దాం, మిగతాది చేతికివ్వమన్నారు. అందరూ చేసేదేగా అన్నట్టు అడిగారు. బ్యాంకు లోను డాక్యుమెంట్ విలువను బట్టే కదండీ, అంత నగదు నేనెక్కణ్ణుంచి తేను అన్నాను. ఒక వారం ఆలోచించుకుని సరేనన్నారు.

నవంబరు 8న అగ్రిమెంట్ రాసుకున్నాం. ఆ రోజే బెంగళూరు కాస్తా న్యూజెర్సీ అయింది.

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. 50 లక్షల లోపు ఆస్తికి కొనేవాళ్ళు టీడీఎస్, అంటే అమ్మేవాళ్ళ డబ్బులోంచి ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను, పట్టక్కర్లేదని నాకు తెలుసు. మాది 48, ఆ గొడవే లేదనుకున్నాను. మా ఆడిటర్‌గారు ఫోన్లోనే, "ఆగండమ్మా, ఆ మినహాయింపు అమ్మేవాళ్ళు ఇక్కడుంటేనే. ఎన్నారై అయితే రూపాయి దగ్గర్నుంచీ పట్టాల్సిందే" అన్నారు. అదీ లాభం మీద కాదు. అమ్మే ఆయన ఆదాయప్పన్ను శాఖ నుంచి తక్కువ రేటు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆయన వాటా మొత్తం మీద పట్టాలి. పన్నెండున్నర శాతం, పైన సెస్సు, కలిపి 13. ఆయన వాటా 24 లక్షలు కాబట్టి 3,12,000. పట్టకపోతే ఆ బాకీ నా మెడకు చుట్టుకుంటుంది.

న్యూజెర్సీ పెద్దాయనకు ఇది చెప్పడం నా వంతయింది. అక్కడ ఉదయం, ఇక్కడ రాత్రి పది. "మా అమ్మ ఇల్లమ్మా అది. నా డబ్బులోంచి మూడు లక్షలు మీరెందుకు పట్టుకుంటారు?" అన్నారు. నేను ఉంచుకోనండీ, మీ పాన్ మీద ప్రభుత్వానికి కడతాను, మీరు రిటర్ను వేసి ఎక్కువ కట్టింది వెనక్కి తెచ్చుకోవచ్చు అని మూడుసార్లు చెప్పాను. పది రోజులు ఫోను ఎత్తలేదు. ఆ పది రోజులూ ఇల్లు పోయిందనే అనుకున్నాను. ఫర్నిచరు ఫొటోలు చూడటం మానేశాను. తమ్ముడుగారే అన్నగారికి తెలిసిన ఆడిటర్‌తో మాట్లాడించి ఒప్పించారు. సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేస్తే ఇంకా వారాలు పడుతుందని దాని జోలికి పోలేదు.

మామూలు ఇల్లు కొనేవాళ్ళకు పాన్ ఉంటే చాలు. నాకు ఇప్పుడు టాన్ నంబరు కావాల్సి వచ్చింది, ఇలా పన్ను పట్టి కట్టడానికి కంపెనీలు తీసుకునే లాంటిది. దరఖాస్తు చేసిన తొమ్మిదో రోజు వచ్చింది. కట్టిన తర్వాత మూడు నెలలకోసారి వేసే 27క్యూ అనే రిటర్ను, ఆయనకు పన్ను పట్టినట్టు ఫారం 16ఏ ఇవ్వడం. అంతా ఆడిటర్‌గారే చేశారు, 12 వేలు తీసుకున్నారు. నా మొత్తం ఖర్చులో న్యాయంగా అనిపించిన ఫీజు అదొక్కటే.

పెద్దాయన రావడం లేదు కాబట్టి తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది డిసెంబరు 20న కొరియర్‌లో వచ్చింది. వస్తే సరిపోదు. విదేశంలో రాసిన కాగితానికి ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వాలిడేషన్ చేయించాలి. అది జనవరి 6కి అయింది. ఈలోగా బ్యాంకు వాళ్ళ ఇంజనీరు వచ్చి ఇల్లు 44 లక్షలు చేస్తుందని రాశాడు. లోను దాని మీద 80 శాతం, అంటే 35 లక్షల 20 వేల దాకా వస్తుంది. మేం 34 లక్షలే తీసుకున్నాం, 15 ఏళ్ళకు 8.75 వడ్డీ, నెలకు 33,981. పాత భవనం కదా అని ఇరవై ఏళ్ళు ఇవ్వలేదు.

జనవరి మధ్యలో ఇంకో వార్త. ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కి లెక్కేసే మార్కెట్ విలువలు సవరిస్తున్నారని. మాది డాక్యుమెంట్ విలువే ఎక్కువ కాబట్టి మాకు పెద్దగా తేడా రాదని వకీలు చెబుతూనే ఉన్నారు. కానీ ఊరంతా పరుగెడుతుంటే మనం నిలబడలేం కదా. జనవరి 30కి స్లాట్ దొరికింది. ఆ ముందురోజు సెలవు పెట్టి బయల్దేరాను.

30న పొద్దున్న పదింటికి వెళ్తే ఆఫీసు మెట్ల మీద కూడా చోటు లేదు. పెళ్ళికొచ్చినట్టు కుటుంబాలకు కుటుంబాలు వచ్చేశాయి. ఎండలో ముసలివాళ్ళు, చేతిలో సీల్డ్ కవర్లు. సర్వర్ పనిచేయడం లేదని రెండింటికి చెప్పారు, నాలుగింటికి మళ్ళీ చెప్పారు. సాయంత్రం రేపు రమ్మన్నారు. మా సాక్షులిద్దరిలో ఒకాయన అన్నయ్య స్నేహితుడు, రేపు కుదరదన్నాడు. రాత్రికి రాత్రి వదిన వాళ్ళ తమ్ముణ్ణి బతిమాలాను. 31 శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు వేలిముద్రలు పడ్డాయి. మా ఆయన బొటనవేలు మిషన్ నాలుగుసార్లు తీసుకోలేదు. తుడిచి, రుద్ది, మళ్ళీ పెట్టి. ఆ అయిదు నిమిషాల టెన్షన్ ఆర్నెల్లంత ఉంది.

స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి ఏడున్నర. అంటే 3,60,000. లోను ఇందులోకి రాదు, మొత్తం మన జేబులోంచే. బ్రోకరుకి 48 వేలు, ఇంటి కాగితాలు బ్యాంకుకి తాకట్టు పెట్టే ఎంఓడీకీ బ్యాంకు ఫీజులకీ దాదాపు 30 వేలు.

తాళం చేతికొచ్చాక ఆ రాత్రి ఫ్లాట్‌కి వెళ్ళి లైటు వేస్తే వెలగలేదు. పాత బిల్లు బాకీ ఉండి కరెంటు తీసేశారు. ఫోన్ వెలుగులో గదులన్నీ తిరిగి చూసుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయాం.

మరమ్మతులకు లక్ష అనుకున్నాను. 2,85,000 అయింది. బాత్రూం పైపులు, వైరింగు, రంగులు ఊహించినవే. ఊహించనిది ఉప్పుగాలి. నేను అక్కడే చదువుకున్నా, హాస్టల్లో ఉండే పిల్లకు మేకుల సంగతి ఏం తెలుస్తుంది? ఫిబ్రవరిలో బిగించిన తలుపు బందులు జూన్‌కి తుప్పు కక్కాయి. "మామూలు మరలు పనిచేయవమ్మా ఇక్కడ, ముందే అడగాల్సింది" అన్నాడు వడ్రంగి, బిగించింది తనే అయినా. అన్నీ పీకించి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించాను.

అద్దె మాట ఎత్తాక అపార్ట్‌మెంట్ సంఘం పిలిచింది. ప్రెసిడెంట్ రిటైరైన మాస్టారు, మెత్తగా మాట్లాడతారు.

"మేడం, మన దగ్గర బ్యాచిలర్స్‌కి ఇవ్వరండి."

"ఆడపిల్లలకేనండీ ఇచ్చేది."

"ఆడపిల్లలైనా బ్యాచిలర్సే కదండీ."

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కొనేముందు సంఘం వాళ్ళను ఒక్క మాట అడగాలని నాకు తట్టనే లేదు. ప్లాను చూశాను, ఆస్తి పాత లావాదేవీలు చూపించే ఈసీ చూశాను, 22ఏ చూశాను. ఎదురింటి వాళ్ళ మనసులో ఏముందో చూడలేదు. రెండు మీటింగులయ్యాక ఒప్పుకున్నారు. ముగ్గురికి మించకూడదు, రాత్రి ఎనిమిది తర్వాత బయటివాళ్ళు రాకూడదు, నీళ్ళు ఎక్కువ వాడతారు కాబట్టి మెయింటెనెన్స్ 2,000 బదులు 2,500. నిజానికి వాళ్ళను ఒప్పించింది నా వాదన కాదు. నెలకోసారి నేను కూడా వచ్చి ఉంటానన్న మాట.

జూన్‌కి అంతా సిద్ధం. బడి పిల్లల్లా జూన్‌లో వచ్చేస్తారనుకున్నాను. గేటు దగ్గర జిరాక్స్ షాపులో కాగితం అంటించాను. ఫోన్లు వచ్చాయి, అన్నీ అబ్బాయిలవి. పీజీ సెట్ కౌన్సెలింగ్ అయ్యి, సీటు ఖాయమై, హాస్టల్ దొరకదని తేలాకే ఆడపిల్లలు బయట గదులు వెతుక్కుంటారని ఆ జిరాక్స్ షాపాయన చెప్పాడు. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఎనిమిది నెలలు, ఇల్లు ఖాళీగా ఉంటే ఈఎంఐ కట్టాం. మధ్యలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు తగ్గించినప్పుడు సంబరపడ్డాను. మా బ్యాంకు కిస్తీ తగ్గించలేదు, గడువు తగ్గించింది. కిస్తీయే తగ్గించమని మనం రాసివ్వాలట.

సెప్టెంబరు ఆఖరులో ముగ్గురు వచ్చారు. ఒకమ్మాయిది పలాస దగ్గర ఊరు, ఒకమ్మాయిది పార్వతీపురం, ఇంకో అమ్మాయిది పాడేరు వైపు. తలకు 4,500, రెండు నెలల అడ్వాన్సు. అందరిలాగే పదకొండు నెలలకు అగ్రిమెంట్ రాసి, తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకున్నాను. పలాస అమ్మాయి వాళ్ళ నాన్న అరకిలో జీడిపప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాగితం చదవలేదు. "మీరున్నారు కదమ్మా, మా పిల్లని మీ చేతుల్లో ఎట్టి ఎల్తన్నాను" అన్నాడు. నేను నెలకు రెండు రోజులే ఉంటానని చెప్పాను. విన్నాడో లేదో తెలీదు. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ పొట్లం ముట్టుకోలేదు. అద్దె తీసుకోవడానికి సిద్ధపడ్డాను గానీ దీనికి కాదు.

అక్టోబరులో మొదటిసారి వెళ్ళాను. తెల్లవారుజామున బండి దిగి, నా తాళంచెవితో తలుపు తీస్తే హాల్లో పరుపు మీద పడుకున్న పిల్ల కెవ్వుమంది. మిగతా ఇద్దరూ లేచొచ్చారు, ఒకామె చేతిలో చీపురు. "ఆంటీ, ఒక్క మెసేజ్ పెట్టాల్సిందండీ" అన్నారు. నిజమే. ఇప్పుడు రైలు ఎక్కగానే పెడుతున్నాను. సామాను పట్టుకుని, పరుపు పక్కనుంచి మునివేళ్ళ మీద నడిచి నా గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

గది విషయంలో ఇంకో తప్పు చేశాను. అటాచ్డ్ బాత్రూం ఉన్న పెద్ద గది నేను ఉంచుకున్నాను. ముగ్గురు పిల్లలకు ఒక బాత్రూం, నెలకు రెండు రోజులు వచ్చే నాకు ఒకటి. పొద్దున్న తొమ్మిది క్లాసు రోజు వాళ్ళు తలుపు దగ్గర వరసకట్టి నిలబడితే చూసి, నవంబరులో గదులు మార్చేశాను. ఇప్పుడు నాది చిన్న గది, కామన్ బాత్రూం. ఒక మంచం, ఒక బీరువా, కిటికీ తెరిస్తే పక్కింటి వాటర్ ట్యాంకు. ఎవరైనా నాలా చేయాలనుకుంటే మొదటి రోజు నుంచే చిన్న గది ఉంచుకోండి, గోడలకు రెండుసార్లు మేకులు కొట్టే పని తప్పుతుంది. కరెంటుకు నా గదికి సబ్‌మీటరు పెట్టించాను. అది వాళ్ళ కోసమే అయినా వాళ్ళే మొహమాటపడ్డారు.

నెల లెక్క ఇలా ఉంది. అద్దె 13,500, మెయింటెనెన్స్ పోతే 11,000. ఈఎంఐ దాదాపు 34 వేలు. ధర కాకుండా పైన అయిన ఖర్చు, పోయిన టోకెన్‌తో సహా, ఏడున్నర లక్షలు. పన్నులోనైనా కలిసొస్తుందనుకుంటే, అద్దెకిచ్చిన భాగం వేరు, నేను ఉంచుకున్న గది వేరు అన్నారు ఆడిటర్‌గారు. అద్దెలో 30 శాతం తీసేసి, దాని వాటా వడ్డీ తీసేస్తే మిగిలేది నష్టమే. నేనున్న కొత్త పన్ను విధానంలో ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. మా ఆయన ఇంతవరకూ ఆ మొదటి కాగితం బయటకు తీయలేదు. అది ఆయన మంచితనం.

వేసవి సంగతి ఇంకా తేలలేదు. మేలో పరీక్షలయ్యాక ఇంటికెళ్ళిపోతే రెండు నెలలు పూర్తి అద్దె ఎందుకు కట్టాలని పార్వతీపురం అమ్మాయి ఇప్పుడే అడిగింది. సగం కట్టి సామాను ఉంచుకోండి అన్నాను. ఇంట్లో అడిగి చెబుతామన్నారు.

మొన్న సంక్రాంతికి ముగ్గురూ ఊళ్ళకు వెళ్ళారు. నేను భోగికి ముందురోజు పొద్దున్న దిగాను. పిల్లలు చేరాక మొదటిసారి ఫ్లాట్ మొత్తం నాకే. మునివేళ్ళ మీద నడవక్కర్లేదు. హాల్లో పరుపులు చుట్టి మూలన పెట్టి ఉన్నాయి. ఫ్రిజ్ మీద చీటీ, "ఆంటీ, మోటరు స్విచ్ షాక్ కొడుతోంది, చెప్పులేసుకుని వేయండి" అని. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే పండగ వెళ్ళాక వస్తానన్నాడు. స్నానం చేసి, కాఫీ పెట్టుకుని, హాల్లో కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది. టీవీ లేదు, వాళ్ళ మాటలు లేవు.

ఏడింటికి వదిన ఫోన్ చేసింది. "అక్కడొక్కదానివే ఏం చేస్తావు? అత్తయ్య అడుగుతోంది. పొద్దున్నే భోగి మంట వేస్తారు, వచ్చెయ్. వాడు గది సర్దేశాడు."

గ్యాసు కట్టేసి, తాళం వేసి, ఆటో ఎక్కాను.